దగ్గరి సాయం

బిడ్డకు ఏడాది నిండుతున్నా మెడ నిలవడం లేదనో, పిలిస్తే తిరిగి చూడటం లేదనో ఇంట్లో ఎవరో ఒకరు పైకి అనేసిన రోజు నుంచి ఆ కుటుంబాన్ని ఒకటే ఆలోచన పట్టుకుంటుంది. పెద్దాసుపత్రికి పోవాలి. హైదరాబాదో, విశాఖో, తిరుపతో, వేలూరో. అప్పు చేసో, గాజులు కుదువ పెట్టో వెళ్తారు. వెళ్లడం అవసరమే. జబ్బు పేరు తెలియాలి, మూర్ఛ ఉంటే మందు పడాలి, ఆపరేషన్‌తో సరయ్యేది ఉంటే ఆపరేషన్ జరగాలి. కానీ సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం, బుద్ధిమాంద్యం, వినికిడి లోపం వంటివాటిలో డాక్టరు గదిలో జరిగేది చాలా చిన్న భాగం. మిగతాదంతా రోజుకు కొంతసేపు చొప్పున ఏళ్ల తరబడి జరగాల్సిన పని. మూడు వందల కిలోమీటర్ల అవతల అది జరగదు. నెలకోసారి చెరువుకు గండి కొట్టి పారించినంత మాత్రాన పైరు బతకదు, మడిలో తడి ఆరకుండా చూసుకోవాలి.

అందుకే ఈ అధ్యాయంలో గట్టిగా చెప్పదలచుకున్నది ఒక్కటే. పెద్ద ఊరికి దారి తెలుసుకోవడానికి వెళ్లండి. రోజువారీ పనిని మాత్రం ఇంటికి ఎంత దగ్గరలో దొరికితే అంత దగ్గరలో పెట్టుకోండి.

దగ్గరలో ఏముందని అడిగితే చాలా ఊళ్లలో ‘ఏమీ లేదు’ అంటారు. ఉంది. కాకపోతే ఆరోగ్య శాఖ దగ్గర కొంత, విద్యా శాఖ దగ్గర కొంత, సంక్షేమ శాఖ దగ్గర కొంత విడివిడిగా ఉంది. ఒకరి దగ్గరకు వెళ్తే రెండో చోటి సంగతి వాళ్లు చెప్పరు. వీటన్నిటినీ కలుపుకునే బాధ్యత తల్లిదండ్రుల మీద పడటం అన్యాయమే. అయినా ఇవాళ్టికి ఉన్న పరిస్థితి అది. ఏది ఎక్కడుందో ముందే తెలిస్తే ఆ బరువు సగం తగ్గుతుంది.

అంగన్‌వాడీ గడప నుంచి

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం (ఆర్‌బీఎస్‌కే) కింద ఒక వైద్య బృందం ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి, ఒకసారి ప్రభుత్వ బడికి రావాలి. పుట్టుకతో వచ్చిన లోపాలు, పోషకాల కొరత, బాల్యంలో వచ్చే జబ్బులు, ఎదుగుదలలో ఆలస్యం, ఈ నాలుగింటినీ పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలందరిలో గమనించడం వాళ్ల పని. ఆర్‌బీఎస్‌కే బండి అంటే ఆశా కార్యకర్తకు తెలుస్తుంది. విచారకరమైన విషయం ఏమిటంటే, బండి వచ్చిన రోజున అంగన్‌వాడీకి రాని పిల్లలే వాళ్లు ముఖ్యంగా చూడాల్సిన పిల్లలు. నడవలేని బిడ్డను నలుగురిలోకి ఎందుకు తీసుకుపోవడమని అమ్మమ్మో నానమ్మో ఆపేస్తుంది. బండి ఎప్పుడొస్తుందో టీచర్‌ను ముందే అడిగి పెట్టుకోండి. ఆ రోజు బిడ్డను ఎత్తుకొని వెళ్లండి.

ఆ బృందం రాసిచ్చే చీటీతో జిల్లా ఆసుపత్రిలోని డీఈఐసీకి, అంటే సత్వర చికిత్సా కేంద్రానికి వెళ్లవచ్చు. పిల్లల డాక్టరు, ఫిజియోథెరపిస్టు, స్పీచ్ థెరపిస్టు, సైకాలజిస్టు, కళ్లు, చెవులు పరీక్షించేవారు ఒకే చోట ఉండాలన్న ఆలోచనతో ఈ కేంద్రాలు పెట్టారు. అన్ని జిల్లాల్లోనూ అన్ని పోస్టులూ నిండి ఉండవు. ఎవరు ఏ రోజున ఉంటారో తెలుసుకుని ఆ రోజుకే బయలుదేరండి. ఒక రోజు కూలి పోగొట్టుకుని వెళ్లి ఖాళీ కుర్చీ చూసి వచ్చిన మనిషి రెండోసారి వెళ్లడు.

ఎప్పుడు అనుమానపడాలి? నాలుగో నెల దాటినా మెడ నిలవకపోతే, తొమ్మిదో నెలకూ కూర్చోలేకపోతే, ఏడాదికి పేరు పెట్టి పిలిచినా తిరగకపోతే, ఏడాదిన్నరకూ నడకగానీ ఒక్క మాటగానీ లేకపోతే, వచ్చిన మాటలు పోతే చూపించాలి. ‘వాళ్ల నాన్నకూ మూడేళ్లకు గానీ మాటలు రాలేదు’ అని పెద్దవాళ్లు ధైర్యం చెబుతారు. ప్రేమతోనే చెబుతారు. ఆ ధైర్యం విలువైన నెలలను తినేస్తుంది. వినికిడి విషయంలో మరీను. నెల లోపు పరీక్ష, మూడు నెలల లోపు నిర్ధారణ, ఆరు నెలల లోపు వినికిడి యంత్రమో శిక్షణో మొదలవ్వాలన్నది ప్రపంచమంతా పాటించే లెక్క. మన దగ్గర చాలామంది పిల్లలకు రెండేళ్లు దాటాకే అనుమానం వస్తుంది. పుట్టుకతో వినబడని బిడ్డకు కాక్లియర్ ఇంప్లాంట్ ఎంత చిన్న వయసులో పెడితే అంత మంచిది, ఐదేళ్లు దాటితే ఫలితం బాగా తగ్గిపోతుంది. ఆరోగ్యశ్రీ కింద, కేంద్రం ఇచ్చే ఏడిప్ పథకం కింద ఈ ఆపరేషన్‌కు సాయం ఉంది. అయితే ఆపరేషన్ తర్వాత మాటలు నేర్పే శిక్షణ నెలల తరబడి క్రమం తప్పకుండా సాగాలి. అది లేకపోతే లక్షల రూపాయల యంత్రం చెవి వెనక ఊరికే ఉండిపోతుంది. అందుకే ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందే, స్పీచ్ థెరపీ మా ఊరికి దగ్గరలో ఎక్కడ దొరుకుతుందని అడగండి.

జబ్బు పేరు ఖరారయ్యేదాకా, సర్టిఫికెట్ చేతికొచ్చేదాకా పని మొదలుపెట్టకుండా ఆగడం చాలా ఇళ్లలో జరిగే నష్టం. మెడ నిలవని బిడ్డకు మెడ నిలిపే సాధన మొదలుపెట్టడానికి ఏ కాగితమూ అక్కర్లేదు.

భవిత కేంద్రం

మండల కేంద్రంలో, చాలాచోట్ల ప్రభుత్వ బడి ఆవరణలోనే, ‘భవిత’ అని బోర్డు ఉన్న గది ఒకటి ఉంటుంది. సమగ్ర శిక్షా కింద రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నడుస్తున్న ఈ కేంద్రాల గురించి ఆ వీధిలో ఉండేవాళ్లకే తెలియదు. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు పాఠాలు చెప్పడానికి శిక్షణ పొందిన రిసోర్స్ టీచర్లు ఇక్కడ ఉంటారు. వారంలో నిర్ణీత రోజున ఫిజియోథెరపిస్టు వస్తారు. పిల్లవాడు తన పని తాను చేసుకునేలా, పలక పట్టుకునేలా, వరుసలో కూర్చునేలా తయారు చేసి మామూలు బడికి పంపడం వీళ్ల లక్ష్యం. కేంద్రానికి రాలేని పిల్లల ఇంటికే టీచరు వెళ్లి నేర్పే ఏర్పాటు కూడా ఉంది. రాకపోకలకు, వెంట వచ్చే మనిషికి హాజరును బట్టి భత్యం ఇస్తారు. ఆడపిల్లలకు విడిగా ఉపకార వేతనం ఉంది. ఇవి అడిగిన వాళ్లకే ముందు అందుతాయి. బ్యాంకు ఖాతా వివరాలు ఇచ్చారో లేదో, పేరు జాబితాలో ఎక్కిందో లేదో మండల విద్యాధికారి కార్యాలయంలో ఒకసారి చూసుకోండి.

వీటికి లోపాలు లేవని చెప్పను. రిసోర్స్ టీచర్లలో ఎక్కువమంది ఏళ్లుగా తక్కువ జీతం మీద ఒప్పంద పద్ధతిలో పని చేస్తున్నవారు. ఒక్కొక్కరికి అప్పగించే పిల్లలు ఎక్కువ. ఫిజియోథెరపిస్టు ఒకరే నాలుగైదు మండలాలు తిరుగుతుంటారు. వాళ్లిచ్చే అరగంటతో బిడ్డ నడుస్తాడని ఆశించి వెళ్తే నిరాశే మిగులుతుంది. మీరు ఎలా చేయాలో నేర్చుకునే అరగంటగా దాన్ని చూడండి. వెళ్లిన ప్రతిసారీ ఒకటో రెండో పనులు నేర్పమని అడగండి. వాళ్లు చేసేటప్పుడు ఫోన్లో వీడియో తీసుకోండి. తర్వాత మీరు చేసి చూపించండి, తప్పుంటే అక్కడే దిద్దించుకోండి. ఇంటికొచ్చాక ఆ పనిని విడిగా ఒక గంట కేటాయించి చేయాలని చూస్తే నాలుగు రోజులకు మానేస్తారు. పొలానికో పనికో పోయే తల్లికి విడిగా గంట ఎక్కడ దొరుకుతుంది? ఎలాగూ చేసే పనుల్లోనే కలపండి. స్నానం చేయించేటప్పుడు బిగుసుకున్న కాళ్లను గోరువెచ్చని నీళ్లలో మెల్లగా విడదీయవచ్చు. చొక్కా తొడిగేటప్పుడు బిగువైన చేతిని ముందు తొడిగితే సులువవుతుంది. ఉల్లిపాయలు వలిచేటప్పుడు బిడ్డను గోడ మూలన దిండ్లు పెట్టి కూర్చోబెట్టి, ‘ఉల్లిపాయ ఇయ్యి, గిన్నె ఇయ్యి’ అని మాట్లాడుతూ ఉంటే అదే కూర్చునే సాధన, అదే మాటల సాధన.

అన్నం పెట్టే తీరు గురించి మరీ ప్రత్యేకంగా చెప్పాలి. మింగడం సరిగా రాని పిల్లలను ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టి గొంతులో పోయడం మన ఇళ్లలో అలవాటు. ఆ పాలూ జావా ఊపిరితిత్తుల్లోకి పోయి మళ్లీ మళ్లీ నిమ్ము చేస్తాయి. తీవ్రమైన సెరిబ్రల్ పాల్సీ (సీపీ) ఉన్న పిల్లల ప్రాణాలు తీసేవాటిలో ఇదొకటి. నడుము నిటారుగా, తల కొంచెం ముందుకు వంగి ఉండేలా కూర్చోబెట్టి, పలచటి నీళ్లలాంటివి కాకుండా కాస్త చిక్కగా, చిన్న చెంచాతో, మింగాక మాత్రమే రెండోది పెట్టాలి. తింటున్నప్పుడు దగ్గు, గురగుర వస్తుంటే డీఈఐసీలో స్పీచ్ థెరపిస్టుకు చూపించండి. మాటల సంగతే కాదు, మింగే సంగతీ చూసేది వాళ్లే.

ఇంకో మాట నాన్నలతో. కేంద్రానికి బిడ్డను మోసుకొచ్చేది, వీడియో తీసేది, ఇంట్లో చేసేది, అత్తింటి మాటలు పడేది తల్లి ఒక్కతే అయితే ఏడాదిలో ఆమె నడుము, మనసు రెండూ దెబ్బతింటాయి. బిడ్డ బరువు పెరుగుతుంది కానీ తల్లి బలం పెరగదు. వారానికి ఒక్క సాధననైనా మీ పేరున పెట్టుకోండి. ‘నీ కడుపున పుట్టింది కాబట్టి’ అనే మాట ఇంట్లో ఎవరి నోటా రాకుండా ఆపాల్సింది మీరే. మేనరికం చేసుకున్నవారికి మరో కాన్పు ఆలోచన ఉంటే, నిందలు మాని జన్యు వైద్యులను కలవండి. హైదరాబాద్ నిమ్స్‌లో దీనికి ప్రత్యేక విభాగం ఉంది.

ఇక ఏడాదికి ఒకటి రెండుసార్లు దారి చూపించుకోవడానికి మంచి చోట్లు మనకు ఉన్నాయి. బుద్ధిమాంద్యం, ఆటిజం ఉన్న పిల్లలకు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని ఎన్‌ఐఈపీఐడీ 1984 నుంచి పని చేస్తోంది. నెల్లూరులో కేంద్ర ప్రభుత్వం నడిపే పునరావాస కేంద్రం సీఆర్‌సీ ఉంది. వంకర పాదాలకు, కీళ్ల ఆపరేషన్లకు తిరుపతి బర్డ్ ఆసుపత్రి, వినికిడి లోపమున్న చిన్నపిల్లలకు అక్కడే టీటీడీ నడిపే శ్రవణం కేంద్రం, చూపు లేని పిల్లల శిక్షణకు హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉన్నాయి. అనంతపురం జిల్లాలో స్వచ్ఛంద సంస్థ ఆర్డీటీ ప్రత్యేక పాఠశాలలు నడుపుతోంది. ఎక్కడికెళ్లినా తిరిగొచ్చేటప్పుడు ఇంట్లో చేయాల్సిన పనులను తెలుగులో రాయించుకుని రండి. ఆ కాగితాన్ని భవిత టీచరుకు చూపించండి.

కాగితాల పని

వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే సదరం అంటే పింఛనేనని మన ఊళ్లలో స్థిరపడిపోయింది. పింఛను చిన్న విషయం కాదు. వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే వయసుతో పని లేకుండా పిల్లలకూ వస్తుంది. తెలంగాణలో 2023 నుంచి నెలకు 4,016 రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి 6,000, మంచానికో వీల్‌చైర్‌కో పూర్తిగా పరిమితమైనవారికి 15,000. ఆ డబ్బు ఇంటి ఖర్చుల్లో కలిసిపోక ముందే అందులో కొంత బిడ్డ రాకపోకలకని పక్కన పెట్టండి. అయితే ఆ సర్టిఫికెట్‌తో తెరుచుకునే తలుపులు ఇంకా ఉన్నాయి. రైల్లో బిడ్డకూ వెంట వెళ్లే మనిషికీ వైకల్యాన్ని బట్టి స్లీపర్‌లో 75 శాతం దాకా రాయితీ, ఆర్టీసీ పాసు, ఉచిత పరికరాలు, పరీక్షల్లో వెసులుబాట్లు, జీతగాళ్లయిన తల్లిదండ్రులకు పాత పద్ధతి ఆదాయపు పన్నులో 80డీడీ కింద మినహాయింపు, అన్నిటికీ ఆధారం ఇదే.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన వైకల్యాలు 21. అంతకు ముందు 1995 చట్టంలో ఏడే ఉండేవి. ఆటిజం, కండరాల క్షీణత, తలసేమియా, సికిల్ సెల్, నేర్చుకోవడంలో ఇబ్బందులు కొత్తగా చేరాయి. ‘మా వాడి కాళ్లూ చేతులూ బాగానే ఉన్నాయి కదా, మాకెందుకిస్తారు’ అని వెనక్కి తగ్గినవారు మళ్లీ ఒకసారి చూసుకోవాలి. మీసేవలోనో సచివాలయంలోనో స్లాట్ తీసుకుని, చెప్పిన రోజున ఆసుపత్రి శిబిరానికి వెళ్లాలి. చిన్నపిల్లల వినికిడికి బెరా పరీక్ష, బుద్ధిమాంద్యానికి ఐక్యూ పరీక్ష రిపోర్టులు ముందే చేయించి పెట్టుకుంటే రెండోసారి తిరగాల్సిన పని ఉండదు. ఇప్పుడు వస్తున్న యూడీఐడీ కార్డు దేశమంతా చెల్లుతుంది. బెంగళూరుకో చెన్నైకో పనికి వలసపోయే కుటుంబాలకు ఇది పెద్ద మేలు.

పిల్లలకు ఇచ్చే సర్టిఫికెట్లు చాలావరకు తాత్కాలికమే. మళ్లీ పరీక్షకు వెళ్లాల్సిన తేదీ దానిమీదే ఉంటుంది. ఆ తేదీకి మూడు నెలల ముందే స్లాట్ కోసం కదలండి. మొదటి రోజు నుంచీ ప్రతి చీటీ, ప్రతి రిపోర్టు, డిశ్చార్జి కాగితం ఒకే ఫైల్లో తేదీల వరుసన పెట్టండి. అసలు కాగితం ఎవరికీ ఇవ్వకండి, జిరాక్సు ఇవ్వండి. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో పింఛనుదారుల వైకల్య శాతాన్ని తిరిగి పరీక్షించడం మొదలైనప్పుడు, పాత రిపోర్టులు చూపించగలిగిన కుటుంబాల మాటకు బలం ఉంటుందని అందరికీ అర్థమైంది.

ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్న పిల్లలకు 1999 చట్టంతో ఏర్పడిన నేషనల్ ట్రస్టు ‘నిరామయ’ అనే ఆరోగ్య బీమా ఇస్తోంది. ఏడాదికి లక్ష రూపాయల దాకా వర్తిస్తుంది. చేరడానికి ముందు వైద్య పరీక్షలు అడగరు. ఆసుపత్రిలో చేరితేనే అనే షరతు లేకుండా థెరపీ ఖర్చులకూ కొంత ఇస్తుంది. మన దగ్గర ఇంత తక్కువమంది వాడుకుంటున్న మంచి పథకం మరొకటి లేదని నా అభిప్రాయం.

పరికరాల విషయంలో ఒక జాగ్రత్త. సమగ్ర శిక్షా, పరికరాలు తయారుచేసే అలింకో సంస్థ కలిసి పెట్టే శిబిరాల్లో ముందు కొలతలు తీసుకుంటారు, కొన్ని నెలల తర్వాత పరికరం ఇస్తారు. ఈలోగా బిడ్డ ఎదుగుతాడు. చేతికిచ్చిన రోజునే అక్కడే తొడిగి చూడండి. పెద్దవాళ్ల వీల్‌చైర్‌లో ఏడేళ్ల బిడ్డను కూర్చోబెడితే ఒక పక్కకు ఒరిగి ఒరిగి వెన్ను వంగిపోతుంది. అటువంటిది ఉచితంగా వచ్చినా తీసుకోకండి. నడుము, ఛాతీ పట్టి ఉంచే సీపీ చైర్ కావాలని అడగండి. కాలికి తొడిగే క్యాలిపర్ ఒరుసుకుని చర్మం ఎర్రబడితే ఆ పిల్లవాడు ఇక దాన్ని తొడగనివ్వడు. సరిచేయించే దాకా వదలకండి.

బడి

2016 చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న బిడ్డకు 6 నుంచి 18 ఏళ్ల దాకా దగ్గరి బడిలోగానీ, కోరుకుంటే ప్రత్యేక పాఠశాలలోగానీ ఉచిత విద్య హక్కు. ‘మా దగ్గర ఆయా లేదు’, ‘మిగతా పిల్లల తల్లిదండ్రులు ఒప్పుకోరు’ అనేవి చేర్చుకోకపోవడానికి చట్టం ఒప్పుకునే కారణాలు కావు. గొడవ పడకండి. ‘చేర్చుకోలేమని రాసివ్వండి సార్’ అని మెల్లగా అడగండి. రాసిచ్చే బడి అరుదు. అయినా చేర్చుకోకపోతే మండల విద్యాధికారికి అర్జీ, తర్వాత సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలోనో ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనో అర్జీ, రసీదు తప్పనిసరి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దివ్యాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు.

చేర్చిన రోజునే అన్నీ అయిపోవు. టీచరుతో మొదటి వారంలోనే కూర్చుని మాట్లాడండి. బాత్రూంకు ఎలా అడుగుతాడు, ఫిట్స్ వస్తే ఏం చేయాలి, ఏ చెవి బాగా వినిపిస్తుంది, దేనికి బెదురుతాడు. ఒక కాగితం మీద రాసిస్తే తర్వాతి ఏడాది టీచరుకూ పనికొస్తుంది. పదో తరగతికి వచ్చేసరికి రాసిపెట్టే మనిషి, గంటకు 20 నిమిషాల అదనపు సమయం వంటివాటికి ముందుగానే దరఖాస్తు పెట్టాలి. పరీక్ష వారంలో పరిగెత్తితే దొరకవు.

ఒంటరిగా వద్దు

2019 డిసెంబరు సూర్యగ్రహణం నాడు మనకు పక్కనే ఉన్న కలబురగి జిల్లాలో, నడక వస్తుందన్న నమ్మకంతో పిల్లలను మెడదాకా మట్టిలో పాతిపెట్టారు. ఆ తల్లిదండ్రులను తిట్టడం తేలిక. పక్కన ఎవరూ లేనప్పుడు ఆశ ఎటైనా లాక్కుపోతుంది. నగరాల్లో అదే ఆశ మూలకణ చికిత్స పేరుతో లక్షలు గుంజుతోంది. ఆటిజానికి ఈ చికిత్స చేయకూడదని జాతీయ వైద్య కమిషన్‌లోని నైతిక విభాగం 2022లోనే తేల్చి చెప్పింది. ‘పూర్తిగా నయం చేస్తాం’ అన్నవారి దగ్గర నుంచి లేచి వచ్చేయండి. ప్రత్యేక విద్య టీచరు ఎవరైనా సరే, భారత పునరావాస మండలి నమోదు నంబరు అడగండి. నిజమైనవారు నొచ్చుకోరు.

ఇలాంటి వలల నుంచి కాపాడేది ఇంకో తల్లి అనుభవం. భవిత గది బయట అరుగు మీద కూర్చునే తల్లులు నలుగురు ఫోన్ నంబర్లు మార్చుకుంటే చాలు, ఏ రోజు థెరపిస్టు వస్తారో, స్లాట్లు ఎప్పుడు తెరుస్తారో, ఏ డాక్టరు ఓపిగ్గా చూస్తారో అన్నీ తెలుస్తాయి. ఒకరు ఆటో మాట్లాడితే నలుగురు పిల్లలూ వస్తారు. ఒకరికి జ్వరమొస్తే బిడ్డను ఇంకొకరు చూస్తారు. వెలుగు, ఇందిరా క్రాంతి పథం పథకాల రోజుల్లో కట్టిన మండల వికలాంగుల సమాఖ్యలు, పక్కపక్క ఊళ్ల పిల్లల కోసం వాళ్లు నడిపిన నైబర్‌హుడ్ సెంటర్లు ఈ బలం మీదే నిలబడ్డాయి. మీ మండలంలో సమాఖ్య ఇంకా నడుస్తుంటే చేరండి. రాత్రుళ్లు నిద్ర పట్టక, ఏడుపు ఆగక, బతకాలనిపించక అల్లాడుతున్న తల్లులూ ఉంటారు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416 నంబరుకు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

చివరిగా, మన తర్వాత వీడెవరికి అన్న ప్రశ్న. బిడ్డకు పద్దెనిమిది నిండితే చట్టం దృష్టిలో అతడు పెద్దవాడు. అతడి తరఫున సంతకం పెట్టే అధికారం తల్లిదండ్రులకు ఉండదు. బ్యాంకు ఖాతా దగ్గర, పొలం కాగితాల దగ్గర ఇది ఒక్కసారిగా ఎదురవుతుంది. నేషనల్ ట్రస్టు చట్టం పరిధిలోకి వచ్చే నాలుగు వైకల్యాల వారికి కలెక్టర్ అధ్యక్షతన జిల్లాలో స్థానిక స్థాయి కమిటీ ఉంటుంది. అది సంరక్షకుడిని నియమిస్తుంది. పదిహేడో ఏటనే కాగితాలు సిద్ధం చేసుకుని, పద్దెనిమిది నిండగానే దరఖాస్తు పెట్టండి. ప్రభుత్వోద్యోగులైతే వైకల్యమున్న సంతానానికి జీవితాంతం కుటుంబ పింఛను వచ్చేలా ఉద్యోగంలో ఉండగానే పేరు నమోదు చేయించండి. తర్వాతి సంరక్షకులుగా అన్ననో చెల్లినో అనుకుంటుంటే, వాళ్లకు తెలియకుండా పేరు రాయకండి. చిన్నప్పటి నుంచీ అమ్మానాన్నల సమయమంతా తోబుట్టువుకే పోవడం చూస్తూ పెరిగిన పిల్లలు వాళ్లు. పక్కన కూర్చోబెట్టుకుని, ఏం చేయగలరో, ఏం చేయలేరో వాళ్ల నోటితోనే చెప్పనివ్వండి. ఇల్లు చూసుకునేది ఒకరు, డబ్బు చూసుకునేది ఒకరు, నెలకోసారి వచ్చి చూసి వెళ్లేది ఒకరు అని పంచుకున్నా సరే, ఆ ఒప్పుకున్నది రాసి ఫైల్లో పెట్టండి.